మేకు మీది తాళం

“ఇది ఇక్కడుంటే, అక్కడేం పెట్టుకుని వెళ్ళాడు వాడు?”

వెల్డరు వంటగది గుమ్మంలోనే ఆగిపోయి అడిగాడు. చెప్పులు కూడా విప్పలేదు. తలమీంచి వాన నీళ్ళు కారి చొక్కా కాలరులోకి దిగుతున్నాయి. చేతిలో జానెడైనా లేని ఇనప గొట్టం ముక్క ఒకటి ఉంది. ఒకవైపు మూతి పెద్దది, రెండోవైపు చిన్నది.

పెద్ద కోడలు పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది. చూసి మళ్ళీ పాలగిన్నె వైపు తిరిగింది. పాలు ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు. అయినా పొంగిపోతాయేమో అన్నట్టు కళ్ళు వాటిమీదే పెట్టింది.

“ఏమిటది?”

“కోను. వాడి కారుకి చేసింది. షెడ్డులో గోనెపట్టా కింద పెట్టాను. పెట్టింది పెట్టినట్టే ఉంది. కారే లేదు.”

“వెళ్ళాడుగా.”

“వెళ్ళాడని కనబడుతూనే ఉంది. ఎలా వెళ్ళాడని అడుగుతున్నాను.”

భర్త ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడి చాలా రోజులైంది. “కొండ అవతల ఊళ్ళో నా షెడ్డు నేను పెట్టుకుంటాను” అని తమ్ముడు అన్ననాటి నుంచీ ఈ ఇంట్లో అన్నదమ్ములు ఎడమొహం పెడమొహం. అన్నకి తమ్ముడితో పనిబడితే గోడతో చెబుతాడు. తమ్ముడికి అన్నతో పనిబడితే వదినతో చెబుతాడు. వదిన ఇద్దరి మాటల్లోని ముళ్ళు ఏరేసి మిగిలింది అటూ ఇటూ మోస్తుంది. ముళ్ళు ఏరాక ఒక్కోసారి మోయడానికి ఏమీ మిగలదు. అప్పుడు సొంతంగా నాలుగు మాటలు కలుపుతుంది. ఆ కలుపుడు వల్లే ఇన్నాళ్ళూ ఇల్లు ఇల్లులా నిలబడిందని ఆమె నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు.

“పొద్దున మీరు గేటు బిగించడానికి వెళ్ళారుగా, ఆ తర్వాత బయల్దేరాడు” అంది. “వాన పెద్దదవకముందే ఘాటు రోడ్డు దాటేయాలన్నాడు. కొత్త ఇల్లు చూస్తానంటే అత్తయ్యగారిని కూడా ఎక్కించుకున్నాడు. సామాన్లతో వాళ్ళావిడ రేపు లారీలో వెళ్తుంది.”

“పిట్టేదీ?”

ఆ మాటకి ఆమె చేతిలో గరిటె ఆగింది.

“పిట్ట కూడా వెళ్ళింది. నాన్నమ్మ పక్కన కూర్చుంటానని ఒకటే గోల. రేపు నాన్నమ్మతోపాటు బస్సులో వచ్చేస్తుంది.”

“నా కూతుర్ని పంపిస్తూ నాకు చెప్పలేదే?”

“మీకేం చెప్పాలన్నా కోపం తగ్గేదాకా ఆగాలి. అప్పటికి దాని సెలవులు అయిపోతాయి.”

ఇంకో రోజైతే ఈ మాటకి అతను నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకునేవాడు. ఇప్పుడు తిప్పుకోలేదు. కోనుని గట్టు మీద పెట్టాడు. పొయ్యి తనే ఆపేశాడు.

“నిన్నటి నా చొక్కా ఎక్కడ?”

“నానబెట్టాను.”

“జేబులో ఆ కారు తాళం ఉండాలి. చూశావా?”

“లేదు.”

ఆ లేదన్న మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. వెల్డరు పెరట్లోకి వెళ్ళాడు. బకెట్లోంచి చొక్కా తీసి పిండుతున్న చప్పుడు, నేల మీద దులుపుతున్న చప్పుడు వినిపించాయి.

తాళం జేబులో దొరకదని ఆమెకి తెలుసు. పొద్దున అతను స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా తీస్తుంటే అది గలగలమంది. బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. చూసి షెడ్డులోకి నడిచి, గుమ్మం పక్కన మేకుకి తగిలించి వచ్చింది.

ఆ మేకు సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అది పోయిన మామగారు కొట్టిన మేకు. పని మీదున్న బండి తాళం ఆ పని చేసేవాడి జేబులోనే ఉండాలి, పని పూర్తయ్యాకే మేకెక్కాలి అని ఆయన కట్టుబాటు. తాళం మేకు మీద కనబడితే బండి తయారైనట్టు. ఆ తర్వాత ఎవరూ బండి కింద దూరి చూడకూడదు. చూశారంటే చేసినవాణ్ణి నమ్మనట్టు. అన్న బిగించిన బ్రేకుని ఒకసారి తమ్ముడు మళ్ళీ పరీక్షగా చూశాడని ఆయన వాణ్ణి పూటంతా షెడ్డు బయట ఎండలో నిలబెట్టారు. ఆయన పోయినా ఆ మేకు మాట మాత్రం చెల్లుబాటవుతూనే ఉంది.

ఆమె అదంతా తెలిసే తగిలించింది. బండిలో మిగిలింది ఏదో గొట్టం అతుకే కదా అనుకుంది. అతుకు లేకపోతే చప్పుడు ఎక్కువ చేస్తుందేమో, చెయ్యనీ. ఒకడు తాళం జేబులో పెట్టుకుని బిగుసుకుని, ఇంకొకడు అడగనని బిగుసుకుని కూర్చుంటే ఈ గొడవ ఎప్పటికి తెగుతుంది? శాంతి కోసమే చేస్తున్నానని తనకి తాను గట్టిగానే చెప్పుకుంది.

వెల్డరు తడి చేతులతో తిరిగొచ్చాడు.

“లేదు” అన్నాడు.

ఆ మాటకే వచ్చినట్టు చిన్న కోడలు లోపలికి వచ్చింది. మెడలో సుతిలి తాడు ఉండ వేసుకుంది, చేతిలో సగం చుట్టిన గ్లాసు ఉంది. పొద్దున్నుంచీ గిన్నెలు సర్దుతూనే ఉంది. ఏవి తనవో ఏవి అక్కవో అనే చోట ఇద్దరూ రెండుసార్లు పుల్లవిరుపు మాటలు అనుకున్నారు. మిక్సీ దగ్గర మాటలు కూడా అయిపోయి మౌనం మొదలైంది.

“దేనికోసం వెతుకుతున్నారు బావగారూ?”

“మీ ఆయన తాళం నా జేబులోంచి ఎప్పుడు తీశాడు?”

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

“జేబులోంచి తీయడమేంటి? మేకు మీద ఉంటే తీసుకున్నారు. మీరే తగిలించారుగా.”

“నేనా?”

“ఆయన అది చూసి ఎంతసేపు నిలబడిపోయారో మీకేం తెలుసు? ‘అన్నయ్య పోనిచ్చాడే’ అన్నారు నాతో. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీరు ఇంట్లో లేని టైములో వెళ్ళడం బాగోదు, ఆగుదామంటే, ‘ఎదురుపడి చెప్పలేకే కదా తాళంతో చెప్పాడు, మళ్ళీ ఎదురుపడి ఇబ్బంది పెట్టడం ఎందుకు’ అన్నారు. ఇప్పుడు దొంగ అంటున్నారా ఆయన్ని?”

“నేను తగిలించలేదు.”

“మరి మేకుకి మొలిచిందా?”

“నేను తగిలించలేదని చెబుతున్నాను.”

“చెప్పండి. రేపు ఊరందరికీ చెప్పండి. వెళ్ళేటప్పుడు ఈ పేరొకటి కట్టకపోతే మీకు తోచదు. ఆయన జేబులు వెతికే మనిషైతే ఇన్ని రోజులు మీ బల్ల మీద తాళం పెట్టి మీ మొహం చూస్తూ కూర్చుంటారా?”

పెద్ద కోడలు పాలగిన్నె మీద మూత పెట్టింది. మూత సరిగ్గా కూర్చోలేదు. తీసి మళ్ళీ పెట్టింది. ఒక్కమాట చెబితే ఈ గొడవ ఇక్కడితో ఆగుతుంది. ఆ ఒక్కమాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ భర్త మొహంలో ఉన్నది కోపం కాదని అప్పుడే గమనించింది. కోపమైతే ఆమెకి అలవాటే. ఇది వేరే ఏదో.

అతను మరదలి మాటలు వినడం మానేసి ఫోను తీశాడు. తమ్ముడికి చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. ఈసారి అవతల కట్ చేశారు.

“మీరు చేస్తే ఎత్తరు” అంది చిన్న కోడలు. “వెనక్కి రమ్మంటారని ఆయనకి తెలుసు.”

“అతుకు వెయ్యలేదమ్మా దానికి.”

అమ్మా అన్నాడు. ఈ మధ్య పేరంటూ లేకుండా ‘చెప్పు వాడికి’, ‘అడుగు వాడిని’ అనడమే తప్ప ఆమెని ఇలా పిలిచింది లేదు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

“ఏ అతుకు?”

“వాడు పెద్ద ఇంజిను ఎక్కించాడు చూడు, దాని గొట్టం రెండున్నర అంగుళాలు. వెనక ఉన్న పాత గొట్టం రెండంగుళాలు. దీంట్లో అది దూరుతుంది, కానీ చుట్టూ సందు. వాడు ఆ సందులో రేకు చుట్టి, పైన క్లిప్పు వేసి బిగించాడు. బండిని షెడ్డులోంచి అటూ ఇటూ జరపడానికి అది చాలు. రోడ్డు మీదికి పనికిరాదు. మధ్యలో ఈ కోను పెట్టి రెండువైపులా వెల్డింగు కొట్టాలి. అందుకే తాళం నా బల్ల మీద పెట్టాడు.”

“అయితే కొట్టొచ్చుగా. ఎందుకు కొట్టలేదు?”

అతను కోను వైపు చూశాడు. జవాబు గట్టు మీదే ఉంది. రేకుని విసనకర్రలా కోసి, గొట్టానికి వేసి సుత్తితో నిమిరి నిమిరి గుండ్రం చేసి, అతుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నా కనబడనంత నున్నగా రుద్దాడు. తాళం బల్ల మీద పెట్టిన సాయంత్రమే చేసి ఉంచాడు. తమ్ముడు నోరు తెరిచి ఒక్కసారి అడిగితే చాలు, పూటలో అయిపోయే పని. తమ్ముడు అడగలేదు. అన్న అడిగించుకోనిదే చెయ్యలేదు. ఇద్దరూ ఒకే తండ్రి పిల్లలని ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

“చప్పుడొస్తుందా?” అంది పెద్ద కోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “అతుకు లేకపోతే, చప్పుడే కదా వచ్చేది?”

“చప్పుడొస్తే బాగుండేది. ఆపి చూసుకునేవాడు.” అతను కోను పెద్ద మూతిలో అరచెయ్యి పెట్టాడు. “ఇంత దాంట్లోంచి వచ్చింది ఇంత దాంట్లోంచి పోవాలి. తోసుకుంటుంది. ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి బయటికొస్తుంది. గొట్టం వేడెక్కేకొద్దీ రేకు సడలుతుంది. ఘాటెక్కేటప్పుడు ఇంజిను మీద బరువు, ఇంకా తోస్తుంది. వచ్చే విషపు పొగకి రంగుండదు, పెద్దగా వాసనా ఉండదు.”

“కింద కదా వచ్చేది. రోడ్డు మీదికి పోతుందిగా” అంది చిన్న కోడలు.

“కొత్త గేరు కర్ర కోసం కారు నేల కోశాడు. రబ్బరు తొడుగు ఇంకా రాలేదని పైన గుడ్డ కప్పాడు. సరిగ్గా ఆ అతుకు మీదే ఆ కన్నం.”

కిటికీ బయట వాన పెరిగింది. రేకుల పందిరి మీద పడుతున్న చప్పుడుకి అతను గొంతు పెంచాల్సి వచ్చింది.

“ఈ వానలో అద్దాలన్నీ ఎత్తుకుని ఉంటాడు” అన్నాడు.

చిన్న కోడలు మెడలోని తాడు తీసి చేతికి చుట్టుకోసాగింది. చుట్టినకొద్దీ బిగిస్తోంది.

“మీ బల్ల మీద తాళం పెట్టకముందు ఒకసారి తిప్పి చూశారు” అంది. “నేనూ ఎక్కాను. ఊరి చివరిదాకా వెళ్ళొచ్చాం. రాగానే ఇద్దరికీ తలనొప్పి. నాకు కడుపులో తిప్పేసింది. ఎండ దెబ్బ అనుకున్నాను. ఆయన మాత్రం, ‘అతుకులోంచి వస్తోంది, అన్నయ్య వెల్డింగు కొడితే పోతుందిలే’ అన్నారు.”

“అద్దాలు?”

“దించే ఉన్నాయి బావగారూ. నాలుగూ.”

పాలగిన్నె మీద మూత దానంతట అదే ఒక పక్కకి ఒరిగి చిన్నగా మోగింది.

పెద్ద కోడలికి పిట్ట గుర్తొచ్చింది. పొద్దున రెండు జడలు వేయించుకుని, ఒక జడ రిబ్బను ఊడితే మళ్ళీ కట్టించుకునే ఓపిక లేక చేత్తో పట్టుకుని పరిగెత్తింది. వెనక సీట్లో మధ్యలో కూర్చుంది, ముందు అద్దంలోంచి అంతా కనబడాలని. మధ్యలో అంటే ఆ గేరు కర్రకి సరిగ్గా ఎదురుగా.

“నువ్వు చెయ్యి” అన్నాడు వెల్డరు.

“నేనా?”

“నీ ఫోనైతే ఎత్తుతాడు. ఎక్కడున్నాడో అడుగు, ఆపించు. నేను వ్యాను తీస్తాను.”

తీస్తానన్నాడే గానీ కదల్లేదు. ఆమె ఫోను చెవికి పెట్టుకునేదాకా ఎదురుగానే నిలబడ్డాడు. చిన్న కోడలు దగ్గరికొచ్చి ఫోను లాగి, అందరికీ వినబడేలా నొక్కి మళ్ళీ ఇచ్చింది.

నాలుగో మోతకి ఎత్తాడు.

“వదినా.”

మాట సాగదీసి అన్నాడు, నిద్రలోంచి లేచినవాడిలా. వెనక వైపర్లు ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంజిను మెత్తగా, ఒకే స్థాయిలో నడుస్తోంది.

“ఎక్కడున్నావు?”

“రాళ్ళ క్వారీ దాటాం. ఇంకా సగం ఘాటు ఉంది. వానకి ఏమీ కనబడట్లేదు వదినా, మెల్లగా పోతున్నాను. అన్నయ్య ఫోను చేస్తున్నాడు. ఎత్తలేదు. కోపంతో కాదు. ఎత్తితే ఏడుస్తానేమోనని.”

“అది కాదు...”

“తాళం చూశాను వదినా. మేకు మీద.”

వెల్డరు తలెత్తాడు.

“నాకు ఒక్కమాట చెప్పకపోయినా, నా పని చేసి పెట్టాడు. బండి తీసుకుని పోరా అన్నాడు. అంతే చాలు నాకు. అక్కడ షెడ్డుకి మొదటి మేకు అన్నయ్య చేతే కొట్టిస్తాను. చెప్పు అన్నయ్యకి.”

“పిట్ట ఏం చేస్తోంది?” అంది ఆమె.

“పడుకుంది. కింద ఉన్నప్పుడు తలనొప్పి తలనొప్పి అని ఒకటే సతాయించింది. అమ్మ కూడా అదే అంది. కొత్త బండి పడలేదేమో. ఇప్పుడిద్దరూ హాయిగా నిద్రపోతున్నారు.” చిన్నగా నవ్వాడు. “నాక్కూడా నిద్ర ముంచుకొస్తోంది.”

“కిటికీలు దించు.”

“వాన వదినా. పిల్ల తడుస్తుంది.”

“తడిస్తే తడవనీ, దించు. కారు ఆపు. ఆ గొట్టానికి అతుకు పడలేదు.”

అతను మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వులో ఇష్టం లేదు.

“అన్నయ్య పక్కనే ఉన్నాడు కదూ. ఈ మాట చెప్పమన్నాడా?”

“కాదురా...”

“నువ్వు కూడానా వదినా? వెనక్కి రప్పించాలంటే ఇంకేదైనా చెప్పు. అమ్మకి మందులు మర్చిపోయామని చెప్పు, నమ్ముతాను. అతుకు పడకుండా తాళం మేకెక్కదు. ప్రాణం పోయినా అన్నయ్య అలా చెయ్యడు. నాన్న మాట అది.”

పెద్ద కోడలు భర్త వైపు చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో అప్పటికే సగం తెలిసిపోయింది. చొక్కా నానబెట్టిన మనిషి తనేనని, జేబు తడమకుండా ఈ ఇంట్లో ఏ చొక్కా బకెట్లోకి పోదని అతనికి తెలుసు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ముళ్ళు ఏరకుండా, ఏమీ కలపకుండా చెప్పాల్సిన మాట ఇదొక్కటే.

“మీ అన్నయ్య తగిలించలేదు” అంది. “నేను తగిలించాను. చొక్కా జేబులోంచి తీసి నేనే తగిలించాను. ఆయనకి తెలీదు. పని అవ్వలేదు.”

ఫోనుని నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

“విన్నావా? నువ్వు చుట్టిన రేకే ఉంది దానికి. కోను ఇక్కడే మా ముందుంది.”

“నువ్వా” అన్నాడు. తర్వాత, “అన్నయ్య కాదా?” అన్నాడు. పొగ గురించీ కాదు, గొట్టం గురించీ కాదు, ముందు అది అడిగాడు.

“కాదు. నన్ను తర్వాత తిట్టుకో. కారు ఆపు ముందు.”

బ్రేకు పడిన చప్పుడు, చక్రాల కింద కంకర నలిగిన చప్పుడు వచ్చాయి.

“ఆపాను.”

“పిట్టని లేపు.”

“పిట్టా” అని పిలిచాడు. “పిట్టమ్మా, లే. అమ్మ ఫోను చేసింది.” గుడ్డ రాసుకున్న చప్పుడు, చేత్తో తట్టిన చప్పుడు. “పిట్టా.” మళ్ళీ తట్టాడు. “అమ్మా. అమ్మా, పిట్టని లేపు.”

వంటగదిలో ముగ్గురూ ఆ చిన్న ఫోను మీదికి వంగారు.

“వదినా, లేవట్లేదు.” అతని నాలుక మందంగా తిరుగుతోంది. “అమ్మ కూడా... చెయ్యి వేలాడేస్తోంది. నాకు తల... ఒక్క నిమిషం ఉండు.”

వెల్డరు భార్య చేతిని ఫోనుతో సహా పట్టుకున్నాడు.

“ఇంజిన్ ఆపాడా?”

“కారు ఆపాడు.”

“కారు కాదు, ఇంజిన్. బండి నడుస్తుంటే కాస్తయినా గాలి ఆడుతుంది. నిలబెట్టి ఇంజిన్ తిప్పితే వచ్చిందంతా లోపలే ఉంటుంది. ఇంజిన్ ఆపమను. తలుపులు తియ్యమను.” ఫోనులోకి వంగి అరిచాడు. ఎన్నాళ్ళ తర్వాతో తమ్ముడిని నేరుగా పిలిచాడు. “ఒరేయ్ చిన్నోడా, తాళం తిప్పు. తాళం తిప్పి తలుపు తియ్యి.”

“అన్నయ్యా” అన్నాడు తమ్ముడు. సంతోషంగా అన్నట్టే ఉంది.

తర్వాత ఏదో కింద పడిన చప్పుడు. ఫోనే పడిందేమో. వైపర్లు అటూ ఇటూ ఆడుతున్నాయి.

“చిన్నోడా.”

జవాబు లేదు.

వెల్డరు చెయ్యి వదిలేశాడు. గోడకున్న వ్యాను తాళం అందుకుని గుమ్మం దాటాడు. దాటుతూ ఆగి, “కట్ చెయ్యకు. ఇంజిన్ ఆగితే నాకు చెప్పు. మరదలి ఫోన్లోంచి చెయ్యి” అన్నాడు. నిన్ను నమ్మితే ఇలా చేశావా అనైనా అనలేదు. తిట్టి ఉంటే ఆమెకి నిలబడటానికి కాస్త ఆసరా దొరికేది. వానలో వ్యాను బయటికి వెళ్ళిన చప్పుడు విని గట్టు పట్టుకుంది.

చిన్న కోడలు అప్పటికే తన ఫోన్లో అంబులెన్సుకి చెబుతోంది. ఘాటు రోడ్డు, రాళ్ళ క్వారీ దాటాక, ఎడమవైపో కుడివైపో తెలీదు, పాత కారు, ముగ్గురు, ఒక చిన్నపిల్ల. ఒక్క మాట తడబడలేదు. చెప్పడం అయిపోయాక గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. చేతికి చుట్టుకున్న సుతిలి ఇంకా అలాగే ఉంది. వేళ్ళు నీలంగా మారాయి.

“అక్కా.”

పెద్ద కోడలు ఫోను మీంచి తల ఎత్తలేదు.

“మా గది కిటికీకి పరదా కుట్టించావుగా. ఆకుపచ్చది. నీ బీరువాలో చీరల కింద ఉంది, మొన్న నా కొలత జాకెట్టు వెతుకుతుంటే చూశాను. పిట్ట మంచం కూడా అక్కడికే అనుకున్నావు కదూ.” ఆమె గొంతులో కోపం కూడా లేదు. “రేపు ఎలాగూ ఖాళీ చేస్తున్నాంగా. ఒక్కరోజు ఆగలేకపోయావా?”

చెప్పడానికి ఒక మాటుంది. శాంతి కోసమే చేశాను అన్నది. పొద్దున్నుంచీ ఆమె దగ్గర ఆ మాట సిద్ధంగానే ఉంది. కానీ ఆకుపచ్చ పరదా తనకి నచ్చిన రంగని, కిటికీ కొలత తీసుకునేటప్పుడు ఎవరూ చూడకుండా తలుపు దగ్గరికి వేసుకున్నానని, ఆ గది రేపటికల్లా ఖాళీ అవుతుందన్న తొందరలోనే తాళం మేకుకి తగిలించానని, ఇప్పుడు ఎవరూ అడగకుండానే తెలిసింది.

కూర్చున్న ఆమె పక్కన తనూ కూర్చుంది. ఫోనుని ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది.

“పిట్టా” అంది ఫోనులోకి. “తలుపు తియ్యమ్మా. పిట్టా.”

చిన్న కోడలు కూడా వంగింది. “ఏవండీ” అని పిలిచింది. “తాళం తిప్పండి. వినబడుతోందా? తాళం ఒక్కసారి వెనక్కి తిప్పండి.”

ఇద్దరూ ఆగి విన్నారు. ఫోనులో వాన పడుతోంది, బయట వాన పడుతోంది. వైపర్లు ఆడుతున్నాయి. వాటి వెనక ఇంజిను, మరిది ఎంతో ముచ్చటపడి ఎక్కించిన పెద్ద ఇంజిను, చిన్న చప్పుడైనా ఎక్కువ చెయ్యకుండా మెత్తగా నడుస్తూనే ఉంది.